క్రిటా, మైపెయింట్, గింప్: బొమ్మలు వేసేవాళ్లు ఏది ఎంచుకోవాలి?

కంప్యూటర్‌లో బొమ్మలు వేయడం మొదలుపెట్టేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లలో ఏది మంచిది? వెతికితే పది పేర్లు వస్తాయి, ఒక్కోదాని కింద ఫీచర్ల చిట్టా. అన్నిట్లోనూ లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరలు) ఉంటాయి, బ్రష్‌లు ఉంటాయి, పెన్ ప్రెషర్ (ఒత్తిడిని బట్టి గీత మారడం) పనిచేస్తుందని రాసి ఉంటుంది. చిట్టాలు ఎన్ని చదివినా తేలదు. పెన్ను కదిపినప్పుడు గీత చేతి వెంట వస్తుందా, వెనకబడుతుందా అన్నది చిట్టాలో ఉండదు కదా. అసలు ఎంపికంతా అక్కడే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బొమ్మ మొదలు నుంచి చివరిదాకా ఒకేచోట వేయాలనుకునేవాళ్లకు క్రిటా. మెనూలు, ప్యానెళ్లు చూడగానే కంగారుపడేవాళ్లకు, కాగితం మీద స్కెచ్ వేసుకున్నట్టు వేసుకుంటే చాలనుకునేవాళ్లకు మైపెయింట్. గింప్ ఫొటోలు దిద్దడానికి, వేసిన బొమ్మకు మెరుగులు పెట్టడానికి. గింప్ పేరు అందరికీ తెలుసు కాబట్టి చాలామంది దాంతోనే మొదలుపెట్టి, "డిజిటల్ పెయింటింగ్ నాకు రాదేమో" అని ఆగిపోతున్నారు. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

ఉచితం వేరు, ఓపెన్ సోర్స్ వేరు అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫైర్‌అల్పాకా, మెడిబాంగ్ డబ్బు కట్టకుండానే దొరుకుతాయి, కానీ వాటి కోడ్ బయటపెట్టలేదు. రేపు కంపెనీ మనసు మార్చుకుంటే మనం చేయగలిగింది ఏమీ లేదు. క్రిటా, మైపెయింట్, గింప్ మూడూ జీపీఎల్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఎవరైనా కోడ్ తీసుకుని మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. బొమ్మలు వేసేవాళ్లకు దీనివల్ల వచ్చే లాభం కళ్లకు కనిపించేదే. మైపెయింట్ కోసం రాసిన బ్రష్ కోడ్‌ను విడి లైబ్రరీగా తీసి, గింప్ 2.10లో ఒక బ్రష్‌గా పెట్టారు. క్రిటా 5లోనూ అదే చేరింది. ఒక ఇంట్లో వండింది పక్కింటికి కూడా అందింది. ఇక మీరు వేసిన బొమ్మ పూర్తిగా మీదే. అమ్ముకోవచ్చు, పుస్తకాల్లో వేయించుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

ముందు పెన్ను సంగతి చూడండి

సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునే ముందు పెన్ను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. నేను ఒక సాఫ్ట్‌వేర్‌ను దాదాపు నెల రోజులు పక్కన పెట్టేశాను. గీతలన్నీ ఒకే మందంలో, ప్రాణం లేకుండా వచ్చేవి. బ్రష్‌లు బాగాలేవని నిర్ణయించేసుకున్నాను. తీరా చూస్తే పెన్ ప్రెషర్ అసలు సాఫ్ట్‌వేర్ దాకా చేరడమే లేదు. డ్రైవర్‌లో (పెన్నుతో గీసే టాబ్లెట్‌ను కంప్యూటర్‌కు కలిపే ప్రోగ్రాంలో) ఒక్క టిక్ మార్చగానే అదే బ్రష్ సన్నగా మొదలై, మధ్యలో బలంగా సాగి, చివర్లో సన్నబడింది.

విండోస్‌లో పెన్ను సమాచారం సాఫ్ట్‌వేర్‌కు చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి విన్‌టాబ్, ఇంకోటి విండోస్ ఇంక్. టాబ్లెట్ డ్రైవర్ ఒక దారిలో పంపుతుంటే సాఫ్ట్‌వేర్ ఇంకో దారిలో ఎదురుచూస్తుంటే ప్రెషర్ రాదు. క్రిటాలో సెట్టింగ్స్‌లోని టాబ్లెట్ పేజీలో రెండిట్లో ఏది కావాలో ఎంచుకోవచ్చు. అక్కడే పెన్నును పరీక్షించే చిన్న కిటికీ ఉంటుంది, ప్రెషర్ వంపును మార్చుకునే గ్రాఫ్ కూడా ఉంటుంది. మీ చెయ్యి గట్టిగా ఒత్తే రకమైతే ఆ వంపును కిందకు లాగండి, మెతకదైతే పైకి. గింప్‌లో టాబ్లెట్ ఇన్‌పుట్ సెట్టింగ్‌తో పాటు బ్రష్‌కు 'డైనమిక్స్' అనేది కూడా ఎంచుకోవాలి. అది 'ఆఫ్'లో ఉంటే ఎంత ఒత్తినా గీత మారదు. మైపెయింట్‌లో మాత్రం తెరవగానే ప్రెషర్ పలికే బ్రష్‌లే ఎదురుగా ఉంటాయి.

లినక్స్‌లో వాకామ్ టాబ్లెట్లకు కావాల్సిన డ్రైవర్ కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంటుంది. వేరే కంపెనీల టాబ్లెట్లు మొరాయిస్తే ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది. అది విండోస్, మ్యాక్‌లలో కూడా నడుస్తుంది. ఈ పని తెమిల్చుకున్న తర్వాతే మిగతా పోలిక.

క్రిటా

1998లో కేడీఈ (లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే) బృందానికి చెందిన మథియాస్ ఎట్రిచ్, గింప్‌ను క్యూటీ టూల్‌కిట్‌తో (కిటికీలు, బటన్లు తయారుచేసే కోడ్‌తో) మార్చి చూపించాడు. దాని మీద జరిగిన గొడవ నుంచి "మన బొమ్మల ప్రోగ్రాం మనమే రాసుకుందాం" అన్న ఆలోచన పుట్టి, 1999లో పని మొదలైంది. క్రిటా అన్న పేరు 2002లో వచ్చింది. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్ద, క్రేయాన్ అని అర్థం. చాలా ఏళ్లు అది కూడా ఫొటోషాప్‌కు ప్రత్యామ్నాయం కావాలనే చూసింది. 2009 నుంచి దారి మార్చుకుని, పూర్తిగా బొమ్మలు వేసేవాళ్ల మీదే దృష్టి పెట్టింది. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఆ నిర్ణయం ఫలితం ఇవాళ ప్రతి మూలా కనిపిస్తుంది.

ఉదాహరణకు పెన్ను మీదున్న బటన్‌తో రైట్ క్లిక్ చేస్తే, మీరున్న చోటే గుండ్రటి పాలెట్ తెరుచుకుంటుంది. చుట్టూ మీకిష్టమైన బ్రష్‌లు, మధ్యలో రంగుల చక్రం, ఈమధ్య వాడిన రంగులు. బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా బ్రష్, రంగు రెండూ మార్చుకోవచ్చు. కంట్రోల్ పట్టుకుని ముట్టుకుంటే అక్కడి రంగు బ్రష్‌కు వచ్చేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని లాగితే బ్రష్ పెరుగుతుంది, తగ్గుతుంది. 'ఈ' నొక్కితే చేతిలో ఉన్న అదే బ్రష్ ఎరేజర్ అవుతుంది. విడిగా ఎరేజర్ తీసుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. గరుకు బ్రష్‌తో వేసిన ఆకుల గుబురును అదే గరుకు బ్రష్‌తో చెక్కుతూ పోవచ్చు, అంచులు సహజంగా ఉంటాయి.

'ఎం' కీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అది నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ముఖం గీస్తున్నప్పుడు గంటసేపు చూసీ చూసీ కన్ను అలవాటుపడిపోతుంది, ఒక కన్ను పైకి, ఒకటి కిందకి ఉన్నా తెలియదు. తిరగేయగానే తప్పు ఒక్కసారిగా కనబడుతుంది. క్రిటాలో తిరగబడేది మీరు చూసే దృశ్యం మాత్రమే, ఫైల్‌లో ఏమీ మారదు. కాబట్టి పెద్ద బొమ్మలోనూ క్షణంలో అయిపోతుంది. నేను ముఖం గీస్తే పది నిమిషాలకోసారైనా అది నొక్కుతాను.

చెయ్యి వణికేవాళ్లకు, పొడవాటి అవుట్‌లైన్లు గీసేవాళ్లకు స్టెబిలైజర్ ఉంది. బ్రష్ టూల్ ఎంపికల్లో స్మూతింగ్ దగ్గర దొరుకుతుంది. గీత పెన్ను వెనకాల తాడు కట్టినట్టు నెమ్మదిగా వస్తుంది, వంపులు నున్నగా పడతాయి. మరీ ఎక్కువ పెట్టుకోకండి. బొమ్మలోని చురుకు పోతుంది, మీ చెయ్యి కూడా నేర్చుకోవడం మానేస్తుంది. ఇళ్లు, వీధులు గీసేవాళ్లకు అసిస్టెంట్లు ఉన్నాయి. వానిషింగ్ పాయింట్ (దూరాన గీతలన్నీ కలిసే చుక్క) ఎక్కడో పెట్టి, గీతల్ని దానికి అతుక్కునేలా చేస్తే ప్రతి కిటికీ, ప్రతి మెట్టూ సరైన కోణంలోకి వెళుతుంది. కామిక్స్ వేసేవాళ్లకు కలరైజ్ మాస్క్ చాలా సమయం మిగులుస్తుంది. జుట్టు మీద నలుపు ఒక గీత, చొక్కా మీద ఎరుపు ఒక గీత గీసి వదిలేస్తే, అవుట్‌లైన్ల మధ్య ఖాళీల్లో రంగు అదే నింపుకుంటుంది. గీతల మధ్య చిన్న చిన్న సందులున్నా బయటికి పెద్దగా పారదు. బట్టల మీద డిజైన్‌లాగా చుట్టూ అతుకు తెలియకుండా రిపీట్ అయ్యే నమూనాలు కావాలంటే 'డబ్ల్యూ' నొక్కండి. కుడి అంచు దాటిన గీత ఎడమ అంచు నుంచి వస్తుంది.

ఇందులో లోపాలూ ఉన్నాయి. మొదటిది, తెరవగానే వందకు పైగా బ్రష్‌లు మీద పడతాయి. కొత్తవాళ్లు వారం రోజులు బ్రష్‌లు మార్చి మార్చి చూస్తూనే ఉండిపోతారు, బొమ్మ మాత్రం మొదలవదు. అందుకే ఆరు బ్రష్‌లకు మాత్రమే ఒక ట్యాగ్ పెట్టుకోండి. ఒక పెన్సిల్, ఒక ఇంక్, ఒక గట్టి అంచు బ్రష్, ఒక మెత్తటిది, ఒక గరుకుది, రంగులు కలపడానికి ఒకటి. ఆ గుండ్రటి పాలెట్‌లో అవే కనిపించేలా పెట్టుకుంటే మిగతావి ఉన్నట్టే తెలియదు.

రెండోది వేగం. రంగుల్ని కలుపుతూ సాగే కలర్ స్మడ్జ్ బ్రష్‌లను వెయ్యి పిక్సెళ్ల సైజుకు పెంచితే సాధారణ ల్యాప్‌టాప్ ఈడుస్తుంది. 'ఇన్‌స్టంట్ ప్రివ్యూ' ఆన్ చేస్తే కొన్ని బ్రష్‌లకు తేడా తెలుస్తుంది, స్మడ్జ్ బ్రష్‌లకు అంతగా తెలియదు. మూడోది అక్షరాలు. క్రిటాలో టెక్స్ట్ టూల్ చాలాకాలం బలహీనంగానే ఉంది. కొత్త వెర్షన్లలో దాన్ని తిరగరాస్తున్నారు గానీ, పోస్టర్ మీద మాటలు, కామిక్‌లో డైలాగుల బుడగలు ఎక్కువగా ఉంటే ఆ భాగాన్ని ఇంక్‌స్కేప్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో చేసుకోవడం నాకు హాయిగా ఉంటుంది.

విండోస్, లినక్స్, మ్యాక్‌లలో క్రిటా నడుస్తుంది. పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు కూడా ఉంది. ఐప్యాడ్‌కు లేదు. స్టీమ్‌లో, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బులకు అమ్మే క్రిటా కనిపిస్తుంది, అది మోసం కాదు. ప్రోగ్రాం అదే, ఆ డబ్బు క్రిటా అభివృద్ధికి వెళుతుంది. కట్టలేనివాళ్లు దాని సొంత వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. వేరే డౌన్‌లోడ్ సైట్ల జోలికి మాత్రం వెళ్లకండి. పేరున్న సైట్లే ఒకప్పుడు ఇలాంటి ఇన్‌స్టాలర్లకు అక్కర్లేని ప్రోగ్రాములు తగిలించి ఇచ్చిన సందర్భాలున్నాయి.

మైపెయింట్

మైపెయింట్ తెరిస్తే ఒక కాన్వాస్, ఒక బ్రష్. అంతే. కాన్వాస్ సైజు ఎంత అని కూడా అడగదు, ఎందుకంటే దానికి అంచులు లేవు. చెట్టు గీస్తూ కొమ్మ కుడివైపుకు సాగితే సాగనివ్వండి, కాగితం మీతోపాటే వస్తుంది. పూర్తయ్యాక ఎంత భాగం కావాలో ఫ్రేమ్ పెట్టుకుని అంతవరకే ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కాగితం అయిపోతుందేమోనన్న టెన్షన్ లేకపోతే చెయ్యి ఎంత స్వేచ్ఛగా కదులుతుందో నాకు మైపెయింట్ వాడాకే తెలిసింది. అన్ని మూలల్నీ సర్దుతూ గీసే నా అలవాటును ఇదే మాన్పించింది.

రంగులు కలిసే తీరు దీని అసలు బలం. దాన్ని వివరంగా చెప్పాలి. నీటిరంగులు వాడినవాళ్లకు నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ వస్తుందని తెలుసు. కంప్యూటర్ లెక్క వేరు. తెర మీద స్వచ్ఛమైన నీలానికి ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 255. స్వచ్ఛమైన పసుపుకు ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 0. రెండిటినీ సగం సగం కలిపితే మూడు అంకెలూ దాదాపు 128 దగ్గర ఆగుతాయి. అంటే వచ్చేది బూడిద రంగు! కుంచెతో నేర్చుకుని కంప్యూటర్‌కు వచ్చినవాళ్లు "ఇందులో రంగులు మురికిగా కలుస్తున్నాయి" అని బాధపడేది ఇందుకే. వాళ్ల చేతిలో తప్పేమీ లేదు.

2020 ఫిబ్రవరిలో వచ్చిన మైపెయింట్ 2.0లో దీనికి వేరే పద్ధతి పెట్టారు. రంగును మూడు అంకెలుగా కాకుండా, వెలుగులోని వేర్వేరు తరంగదైర్ఘ్యాల్ని అది ఎలా తిప్పికొడుతుందో ఊహించి, అసలు రంగుపొడుల్లాగా కలుపుతుంది. నీలం మీద పసుపు లాగితే ఆకుపచ్చ వస్తుంది. ఆకాశంలో నీలం నుంచి సాయంత్రపు పసుపుకు వెళ్లే చోట, ముఖంలో నీడ అంచు దగ్గర ఈ తేడా తెలుస్తుంది. ఆయిల్, నీటిరంగులు బాగా వచ్చినవాళ్లు ముందు దీన్నే పట్టుకోవాలని నా సలహా. మీరు ఏళ్ల తరబడి నేర్చుకున్నది ఇక్కడ వృథా పోదు.

లేనివి కూడా తెలుసుకోండి. ఇందులో సెలెక్షన్ టూల్ లేదు. ముఖం మొత్తం గీశాక ముక్కును కాస్త కిందకు జరపాలంటే కుదరదు, చెరిపి మళ్లీ గీయాల్సిందే. ఫిల్టర్లు లేవు, అక్షరాలు లేవు. 2.0 తర్వాత పెద్ద విడుదలలు కూడా రాలేదు, అభివృద్ధి నెమ్మదిగా ఉంది. రోజూ క్లయింట్లకు పని చేసి ఇవ్వాల్సినవాళ్లు దీనిమీదే ఆధారపడటం మంచిది కాదు. నేను ఆలోచనలు, తొలి స్కెచ్‌లు ఇందులో వేసి, ఓపెన్‌రాస్టర్ ఫైల్‌గా సేవ్ చేసి క్రిటాలో తెరుస్తాను. లేయర్లు లేయర్లుగానే వస్తాయి.

గింప్ ఎప్పుడు?

బర్క్‌లీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ 1995లో మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది. 1996లో జనంలోకి వచ్చింది. పుట్టుకే ఫొటోలు దిద్దే పనిముట్టుగా పుట్టింది, ఆ పనిలో ఇవాళ్టికీ గట్టిది. కానీ పెయింటింగ్‌కు కూర్చుంటే ఆ పునాది అడ్డు తగులుతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. గింప్‌లో ప్రతి లేయర్‌కూ సొంత అంచు ఉంటుంది. లేయర్ చిన్నదై కాన్వాస్ పెద్దదైతే, ఆ అంచు దాటి గీసిన గీత పడదు. ఎందుకు పడటం లేదో కొత్తవాళ్లకు అర్థం కాదు. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో గీస్తుంటే లేయర్ దానంతటదే పెరిగే ఎంపిక పెట్టారు, కానీ దాన్ని మీరే వెతికి ఆన్ చేసుకోవాలి. క్రిటాలో ఈ ప్రశ్నే రాదు, అక్కడ లేయర్‌కు అంచే లేదు. కాన్వాస్ తిప్పడం, సిమెట్రీ, మైపెయింట్ బ్రష్‌లు గింప్‌లోనూ ఉన్నాయి. ఉన్నా అవి తర్వాత చేర్చినవని వాడుతుంటే తెలిసిపోతుంది. బ్రష్, రంగు మార్చడానికి చాలాసార్లు పక్కనున్న ప్యానెల్‌కు వెళ్లాల్సి వస్తుంది.

మరి ఎవరికి పనికొస్తుంది? కాగితం మీద గీసి, స్కాన్ చేసి, రంగులు కంప్యూటర్‌లో వేసేవాళ్లకు గింప్ చాలా బాగుంటుంది. స్కాన్‌లో పడిన మరకలు తీయడం, కాగితపు పసుపు ఛాయ పోగొట్టడం, పెన్సిల్ గీతల్ని వెలుగునీడలు సర్దే లెవెల్స్, కర్వ్స్‌తో ముదురు చేయడం దీనంత సౌకర్యంగా క్రిటాలో నాకు కుదరలేదు. 2019 నుంచి దీని బకెట్ ఫిల్‌లో అవుట్‌లైన్లను గుర్తుపట్టి, సందుల్ని మూసి రంగు నింపే పద్ధతి కూడా ఉంది. చేత్తో గీసిన గీతల్లో సందులు తప్పవు కాబట్టి అది చాలా ఉపయోగం. 3.0 నుంచి ఫిల్టర్లు లేయర్ మీద విడిగా ఉండిపోతాయి, రేపు మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు. ఫొటోల మీద పెయింట్ చేసేవాళ్లు, ఫొటో, బొమ్మ కలిపి పోస్టర్లు చేసేవాళ్లు కూడా గింప్‌తోనే మొదలుపెట్టొచ్చు. తెల్లటి కాన్వాస్ మీద మొదటి గీత నుంచి చివరి మెరుగు దాకా వేసేవాళ్లకు మాత్రం నేను గింప్ చెప్పను.

అచ్చుకు పంపేవాళ్లకు ఒక మాట. క్రిటాలో సీఎంవైకేలోనే (అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతి) ఫైల్ మొదలుపెట్టి పెయింట్ చేయొచ్చు. గింప్ ఆర్‌జీబీలో (తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి) పనిచేస్తూ అచ్చులో ఎలా వస్తుందో ప్రూఫ్‌గా చూపిస్తుంది. నేనైతే ఆర్‌జీబీలో వేసి, చివర్లో ప్రెస్‌వాళ్లు ఇచ్చిన ప్రొఫైల్‌తో (రంగుల కొలతల ఫైల్‌తో) మార్చుకోమనే చెబుతాను. బ్రష్‌లు, ఫిల్టర్లు ఆర్‌జీబీలోనే అనుకున్నట్టు పలుకుతాయి.

వేరే పనులకు వేరే పేర్లు

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కాన్వాస్ మీద ఒకేసారి గీయాలంటే డ్రాపైల్. ఒకరు సెషన్ తెరుస్తారు, మిగతావాళ్లు ఇంటర్నెట్‌లో చేరతారు, ఎవరు గీసిన గీత అయినా అందరికీ అప్పుడే కనిపిస్తుంది. దూరాన ఉన్న స్నేహితుడికి బొమ్మ నేర్పించడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. మీరు వేరే లేయర్ మీద ఎర్రగీతతో "భుజం ఇక్కడిదాకా రావాలి" అని చూపిస్తే, అతను వెంటనే దిద్దుకుంటాడు. ఒంటరిగా వాడుకున్నా బాగానే ఉంటుంది, పాత కంప్యూటర్లలోనూ తేలిగ్గా నడుస్తుంది.

లోగోలు, నున్నటి అంచులున్న బొమ్మలు, ఎంత పెద్దది చేసినా చెదరకూడనివి అయితే ఇంక్‌స్కేప్. అందులో గీత అంటే చుక్కలు, వంపులు. గీసిన తర్వాత కూడా వంచుకోవచ్చు. దాన్ని పెయింటింగ్ అనను, కానీ పెయింటింగ్ కోసం వెతికే చాలామందికి నిజంగా కావాల్సింది ఇదే అయి ఉంటుంది. పిక్సెల్ ఆర్ట్ అయితే పిక్సెలోరామా లేదా లిబ్రేస్ప్రైట్. చేత్తో గీసే యానిమేషన్‌కు చిన్న పనులైతే క్రిటాయే చాలు, సరదాగా నేర్చుకోవడానికి పెన్సిల్‌టూడీ, గట్టిగా చేయాలంటే ఓపెన్‌టూంజ్. త్రీడీ దృశ్యంలో గీయాలనుకుంటే బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ ఉంది, కానీ అది నేర్చుకోవడమే ఒక పెద్ద పని. చిన్నపిల్లలకు టక్స్ పెయింట్ పెట్టి వదిలేయండి.

మీ కంప్యూటర్ మోయగలదా?

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మామూలు 8 బిట్ బొమ్మలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకతలకు తలా ఒకటి). 4000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు ఉన్న కాన్వాస్‌లో కోటీ 60 లక్షల పిక్సెళ్లు. అంటే నిండుగా పెయింట్ చేసిన ఒక లేయర్‌కు దాదాపు 64 ఎంబీ. అలాంటివి 30 ఉంటే 2 జీబీకి దగ్గర, అన్‌డూ కోసం దాచుకునేది దానికి అదనం. 16 బిట్‌కు మారితే అన్నీ రెట్టింపు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయడానికి కావాల్సింది 2480 బై 3508 పిక్సెళ్లు, లేయర్‌కు 35 ఎంబీ దాకా. లేయర్‌లో ఖాళీగా వదిలిన భాగానికి క్రిటా పెద్దగా జాగా తీసుకోదు కాబట్టి అసలు ఖర్చు ఇంతకంటే తక్కువే ఉంటుంది.

4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరైతే ఏ4 సైజులో 8 బిట్‌లో, పది పన్నెండు లేయర్లతో సర్దుకోండి, లేదా మైపెయింట్ వాడండి. 8 జీబీ ఉంటే క్రిటాతో చాలా పనులు హాయిగా జరుగుతాయి. 16 జీబీ ఉంటే ఈ లెక్కలు మర్చిపోవచ్చు. 'పెద్ద సైజు అయితే మంచి బొమ్మ' అనుకుని 10,000 పిక్సెళ్ల కాన్వాస్ తెరవడం కొత్తవాళ్లు చేసే మామూలు తప్పు. బ్రష్ వెనకబడటానికి అదే మొదటి కారణం, నింద మాత్రం సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది.

ఫైళ్లు

క్రిటాకు కేఆర్ఏ, గింప్‌కు ఎక్స్‌సీఎఫ్, మైపెయింట్‌కు ఓఆర్ఏ. ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోవడానికి ఓఆర్ఏ మంచిది. క్రిటా, గింప్ రెండూ పీఎస్‌డీని (ఫొటోషాప్ ఫైల్‌ను) తెరుస్తాయి, సేవ్ చేస్తాయి. మామూలు లేయర్లు, బ్లెండ్ మోడ్‌లు బాగానే వస్తాయి. అక్షరాలు, లేయర్ స్టైళ్లు, స్మార్ట్ ఆబ్జెక్టులు ఉన్న ఫైళ్లలో ఏదో ఒకటి తేడా పడుతుంది. క్లయింట్ పీఎస్‌డీ అడిగితే ముందు ఒక నమూనా ఫైల్ పంపి, వాళ్ల దగ్గర ఎలా తెరుచుకుందో అడగండి. పని పూర్తిచేశాక కంగారు పడేకంటే అది మేలు.

సొంత ఫార్మాట్‌లోని ఫైల్‌ను ఎప్పుడూ తీసేయకండి. ఒకసారి జాగా కోసం పీఎన్‌జీలు ఉంచుకుని లేయర్లున్న ఫైళ్లన్నీ తీసేశాను. రెండేళ్ల తర్వాత వాటిలో ఒక బొమ్మను వెనకాల ఆకాశం మార్చి ఇవ్వమని అడిగారు. మనిషి చుట్టూ జుట్టు వెంట్రుక వెంట్రుకగా మళ్లీ గీయాల్సి వచ్చింది.

మూడు సాయంత్రాల పరీక్ష

ఇంకా తేలకపోతే ఇలా చేయండి. ఒక గుండ్రటి కూజాను ఒకవైపు నుంచే వెలుగు పడేలా పెట్టుకోండి. పక్కన మీ ఎడమ చెయ్యి పెట్టండి, ఎడమచేతి వాటమైతే కుడి చెయ్యి. అదే బొమ్మను మూడు సాయంత్రాలు, రోజుకొక సాఫ్ట్‌వేర్‌లో, రోజుకు గంటన్నర వేయండి. వేళ్లు గీతల్ని పరీక్షిస్తాయి. కూజా ఒంపు మీద వెలుగు నుంచి నీడకు వెళ్లే చోటు రంగుల కలయికను పరీక్షిస్తుంది. మొదటిరోజు మైపెయింట్, రెండోరోజు క్రిటా, మూడోరోజు గింప్. ఈ వరసే ఎందుకంటే, చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళితే ఏ ఫీచర్ నిజంగా కావాల్సి వచ్చిందో మీకే తెలుస్తుంది. మైపెయింట్‌లో చెయ్యిని కాస్త జరపాలని చాలాసార్లు అనిపించిందా? అయితే మీకు సెలెక్షన్ కావాలి, క్రిటాకు వెళ్లండి. ఒక్కసారి కూడా అనిపించలేదా? మైపెయింట్ మీకు చాలు.

బ్రష్‌లు మార్చడం రోజుకు మూడుకే పరిమితం చేసుకోండి. బొమ్మలు మూడూ పక్కపక్కన పెట్టి ఏది బాగుందో చూడకండి, మూడోరోజు వేసింది ఎలాగూ మెరుగ్గానే ఉంటుంది. అది మీ సాధన ఫలితం. దానికి బదులు ప్రతి సాయంత్రం గంటన్నరలో ఎన్నిసార్లు కాన్వాస్ వదిలి మెనూల్లో వెతికారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. నేను లెక్కపెట్టినప్పుడు గింప్ పేజీలో గీతలు నిండిపోయాయి, క్రిటాలో తొమ్మిది, మైపెయింట్‌లో రెండే. ఆ తొమ్మిదిలో ఆరు షార్ట్‌కట్ తెలియక పెట్టినవే, వారం తర్వాత మళ్లీ వేస్తే మూడుకు తగ్గాయి. అప్పటినుంచి నా పెద్ద బొమ్మలన్నీ క్రిటాలోనే వేస్తున్నాను.